తోడు గడిలో అడ్డగీత

మా సిస్టమ్ మేడమ్ పోయిందని నాకు ఫోన్లో తెలిసింది. శుక్రవారం ఉదయం ఆసుపత్రి సిబ్బంది గ్రూపులో ఎవరో పంపిన గులాబీపూల శుభోదయం కింద మేనేజరుగారి మెసేజి వచ్చింది. "మన సిస్టమ్ మేడమ్ ఇక లేరు" అని ఒక్క వాక్యం. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. ముందురోజు సాయంత్రం ఐదింటికి ఆమె నా బల్ల పక్కనుంచే వెళ్లింది. రేపు కలుద్దామని కూడా అనలేదు. రోజూ కనిపించే మనిషి ఆ మాట ఎందుకంటుంది?

ఆమె నరసరావుపేటలోనే ఒక మేడమీద గదిలో అద్దెకుండేది. తల్లి పోయాక ఒక్కతే. ఉదయం తొమ్మిదైనా కిందికి రాకపోయేసరికి ఇంటావిడ పైకెళ్లి చూసిందట. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. నలభై తొమ్మిదేళ్లు. నేను వెళ్లేసరికి సత్తెనపల్లి నుంచి ఆమె పినతల్లి కొడుకు వచ్చి ఉన్నాడు. మంచం, కుర్చీ, గోడకి ఒక కాలెండరు. ఆ కాలెండరులో జనవరి, ఫిబ్రవరి కాగితాలు లేవు. అవి ఎక్కడున్నాయో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. అవి ఆసుపత్రిలో ఆమె సొరుగులో ఉన్నాయి. వాటి వెనక తెల్లటి వైపున పెన్సిలుతో ఆమె రాసుకున్న షరతులున్నాయి.

నా సంగతి కొంచెం చెప్పాలి. పల్నాడు బళ్లలో ముప్పయ్యేళ్లకి పైగా లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఆయన పోయాక ఇంట్లో కూర్చోలేక ఈ కంటి ఆసుపత్రిలో రికార్డు సెక్షను చూడటానికి ఒప్పుకున్నాను. మా మనవరాలు నన్ను హెడ్‌మాస్టరమ్మా అనే పిలుస్తుంది. ముద్దుకి కాదు. వాళ్లింటికి వెళ్లినప్పుడు నేను దాని పుస్తకాలు తీసి తేదీలు వేశావా లేదా అని చూస్తాను.

ఆమె పని ఏమిటో చెప్పడం ఇంకొంచెం కష్టం. రోగి వచ్చిన దగ్గర నుంచి కన్ను మానేదాకా ఆసుపత్రిలో చాలా మెట్లుంటాయి. పేరు రాయాలి, చూపు పరీక్షించాలి, రక్తపోటు చూడాలి, ఆపరేషనుకి తేదీ ఇవ్వాలి, ఇంటికి పంపాక ఎలా ఉందో కనుక్కోవాలి. ఒక మెట్టు అయిందని ఒకరు కంప్యూటర్లో నొక్కితే తరువాతి పని ఇంకొకరి తెర మీద కనిపించాలి. అయితే అందరికీ అన్ని పనులూ అక్కర్లేదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లనే ఆ డాక్టరు దగ్గరికి పంపాలి, లేనివాళ్లని పంపకూడదు. ఎవరి విషయంలో ఏ పని పుట్టాలి, ఏది పుట్టకూడదు అన్న షరతులు రాయడమే ఆమె ఉద్యోగం. పని పుట్టడం అన్న మాట ఆమెదే. పని చేయించడం ఎవరైనా చేస్తారు టీచరమ్మా, పుట్టనివ్వడం దగ్గరే జాగ్రత్త కావాలి అనేది.

ఆమె తండ్రి పంపు మోటార్లకి వైండింగు చేసే మెకానిక్. ఈమె ఆ షెడ్డులోనే పెరిగి, ఊళ్లో కంప్యూటరు సెంటరు పెట్టిన కొత్తల్లో నేర్చుకుని, అక్కడే చాలాకాలం నేర్పి, చివరికి మా దగ్గరికొచ్చింది. మోటరు తిరగకపోతే వాళ్ల నాన్న ముందు వైండింగు విప్పేవాడు కాదట. కరెంటు అక్కడిదాకా వస్తోందా అని చూసేవాడట. ఏదైనా చెడితే ఈమె కూడా అలాగే మొదటి నుంచి చూసుకుంటూ వచ్చేది. విసుక్కోవడం నేను చూడలేదు.

షరతుని మిషనులో పెట్టే ముందు తెలుగులో రాసుకునేది. అయితే ఇది, లేకపోతే అది, అని పెన్సిలుతో. రాశాక వార్డు ఆయాని పిలిచి కూర్చోబెట్టి చదివి వినిపించేది. ఆయా గుంటూరు జిల్లా మొత్తం మీద ఓపిక లేని మనిషి. "ఏందమ్మా నీ గోల, ఈసారి ఎవుర్ని యాడికి పంపాలి?" అంటూ చీపురు గోడకానించి వినేది. వినగానే ఒక్కోసారి ఎవరికీ తట్టని ప్రశ్న వేసేది. రెండో కంటికి ఆపరేషనుకొచ్చినోళ్లకి మళ్లీ మొదటినుంచి చేస్తారా అని ఒకసారి అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె రెండు రోజుల పని కొట్టేసి మళ్లీ రాసింది. ఆయా అర్థం కాకపోతే అడుగుతుంది, మిషను అర్థమైనట్టు నటిస్తుంది, అంతే తేడా అని నాతో అంది. నేను నవ్వలేదు. అప్పట్లో నాకది ఆఫీసు మర్యాద తప్పడంలా కనిపించింది.

ఇంకొకటి గుర్తొస్తోంది. ఆపరేషను అయిన నెలకి రోగికి ఫోను చేసి పరీక్షకి రమ్మనాలని ఒక పని పుడుతుంది. నాదెండ్ల దగ్గరి ఊరి రైతు ఒకాయన ఆ నెలలోనే పొలంలో పాము కరిచి పోయాడు. ఆ సంగతి మా దగ్గర రాసే ఉంది. అయినా ఫోను పని పుట్టింది. మా ఆసుపత్రి అమ్మాయి ఒకామె ఫోను చేసి, అయ్యగారి కన్ను ఎలా ఉందండీ అని అడిగింది. అవతల ఆయన భార్య. ఏమందో ఆ అమ్మాయి మాకు చెప్పలేదు, ఫోను పెట్టేసి బాత్రూములోకి వెళ్లింది. ఆ రోజు మేడమ్ అన్నం తినలేదు. మనిషి పోయాడని తెలిస్తే ఆ పేరు మీద ఏ పనీ పుట్టకూడదన్న షరతు రాసి, అన్ని మెట్లకీ తగిలించి, చీకటి పడే ముందు ఇంటికి వెళ్లింది. వెళ్లేటప్పుడు, "చనిపోయినాయనకి కాదు టీచరమ్మా, బతికున్నావిడకి చేశాం ఆ ఫోను" అంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

శుక్లం తీశాక కంట్లో చుక్కలు రోజుకి చాలాసార్లు వెయ్యాలి. ఇంట్లో మనిషి ఉంటే వేస్తారు. ఎవరూ లేనివాళ్లు తామే వేసుకుంటే సగం చెంప మీద పడతాయి, ఒక్కోసారి సీసా మొన కంటికి తగులుతుంది. అందుకని ఆపరేషను అయిన మూడో రోజున మా ఫీల్డు అమ్మాయిలు ఇద్దరు స్కూటరు మీద ఇంటికెళ్లి చూసి రావాలి. మొదట్లో ఈ పని ఆపరేషను అయిన ప్రతివారికీ పుట్టేది. ఇద్దరమ్మాయిలు ఎన్ని ఊళ్లు తిరుగుతారు? కొన్నాళ్లకి వెళ్లకుండానే వెళ్లినట్టు నొక్కడం మొదలుపెట్టారు. ఆమె వాళ్లని తిట్టలేదు. "పనులు మితిమీరి పుడితే పని చచ్చిపోతుంది. వాళ్లు అబద్ధం ఆడేలా చేసింది నేనే" అని, షరతు మార్చింది. కంప్యూటర్లో పేరు రాసే ఫారములో తోడు అని ఒక గడి ఉంది. ఇంట్లో చూసుకునేవారి పేరు అందులో రాయాలి. ఎవరూ లేకపోతే ఖాళీగా వదలాలి. ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్లకే మూడో రోజు పని పుడుతుంది. ఆ విషయం రిజిస్ట్రేషను అమ్మాయిలకి ఆమె దగ్గరుండి నేర్పింది.

ఆ తరువాత రెండు నెలలకి నేను చేరాను. ఇదంతా అప్పటికి నాకు తెలియదు.

బడి రిజిస్టర్లు రాసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. గడి ఖాళీగా వదలడం మా లెక్కన తప్పు. ఖాళీ ఉంటే తరువాత ఎవరైనా ఏదైనా రాసేయొచ్చు. ఏమీ లేకపోతే అడ్డగీత కొట్టాలి. తనిఖీకి వచ్చిన అధికారి మొట్టమొదట వెతికేది ఖాళీ గడినే. ఆ అలవాటు నా రక్తంలో ఉంది. చేరిన వారంలోనే రిజిస్ట్రేషను బల్ల దగ్గర నిలబడి తెర మీద పాత ఫారాలు తిరగేయించి, తోడు గడి ఖాళీగా ఎందుకుందని అడిగాను.

"మేడమ్ వదలమన్నారండీ" అంది అక్కడి అమ్మాయి.

"మేడమ్‌కి కంప్యూటర్లు తెలుసు. రిజిస్టర్లు నాకు తెలుసు. ఎవరూ లేకపోతే గీత పెట్టు."

ఆ అమ్మాయి గీత పెట్టింది. అందరూ పెట్టారు. రోజూ పొద్దున్నే చూసేదాన్ని, ఒక్క ఖాళీ కనిపించినా పిలిచి నిలబెట్టేదాన్ని. ఎందుకు వదలమందని నేను మేడమ్‌ని అడగలేదు. పాతిక అడుగుల దూరంలో కూర్చునేది. అడగడం చిన్నతనమనుకున్నాను.

గీత పడిన గడి ఖాళీ గడి కాదు. అందులో ఏదో ఉంది కాబట్టి తోడు ఉన్నట్టే లెక్క అనుకుంది మిషను. ఎవరూ లేనివాళ్లందరికీ ఆ రోజు నుంచి తోడు దొరికినట్టయింది. మూడో రోజు పనులు తగ్గిపోయాయి. నెలాఖరు నివేదిక రాసేది నేనే. ఇళ్లకి వెళ్లాల్సిన అవసరం ఈ నెల బాగా తగ్గింది, కుటుంబాలు రోగులని శ్రద్ధగా చూసుకుంటున్నాయని తెలుస్తోంది, అని నా చేత్తో రాశాను. ఆ నివేదిక ఇప్పటికీ ఉంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

రెంటచింతల నుంచి ఒకామె వచ్చింది. చర్చి వెనక వీధిలో ఒక్కతే ఉంటుంది, కూలి చేసుకునే మనిషి, డెబ్భై దాటింది. ఆపరేషను బాగానే జరిగింది. ఎనిమిదో రోజున మిట్టమధ్యాహ్నం మాచర్ల బస్సు దిగి, కంటికి చీరచెంగు అడ్డం పెట్టుకుని నడిచొచ్చింది. చీము పట్టి కన్ను ఎర్రగా పొంగి ఉంది. డాక్టరు చూసి, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా అని గట్టిగా అరిచారు. ఆమె నెమ్మదిగానే చెప్పినా ఆ మాట బయట నిలబడ్డ నాకు వినపడింది.

"ఎవురో వస్తారంటిరి గదయ్యా. వస్తే యాడికి పోయిందంటారని కూలికి గూడా పోలా."

కన్ను తీయకుండా ఆపగలిగారు. కానీ ఆ కంటితో ఇప్పుడు ఆమెకి వెలుగు ఉందో లేదో తెలుస్తుంది, ఎదుట ఉన్నది ఎవరో తెలియదు.

మేనేజరుగారి గదిలో ఆరుగురం కూర్చున్నాం. ఫీల్డు అమ్మాయిలు ముందే ఏడుస్తున్నారు. తమ తెర మీదికి ఆ పేరు రాలేదని ప్రమాణాలు చేస్తున్నారు. మేడమ్ అప్పటికే మొదటి మెట్టు నుంచి చూసుకుంటూ వచ్చింది. లాప్‌టాప్ మేనేజరుగారి వైపు తిప్పి, వీళ్ల తప్పు లేదు సార్, ఈ పని పుట్టనే లేదు అంది. ఎందుకు పుట్టలేదో చూపించింది. తోడు అన్న గడి, అందులో చిన్న అడ్డగీత.

ఆయన రిజిస్ట్రేషను అమ్మాయి వైపు తిరిగారు. ఖాళీగా వదలమంటే గీత ఎందుకు పెట్టావు, ఎవరు పెట్టమన్నారు, రేపటి నుంచి రానక్కర్లేదు అన్నారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. చూసి తల దించుకుంది.

చెప్పాల్సింది నేను. మాట నోటిదాకా వచ్చింది కూడా. నా ముందున్న కాగితాలు సరిచేసి అంచులు సమంగా కలిపాను. ముప్పయ్యేళ్ల పైచిలుకు ఉద్యోగంలో నా పేరు మీద ఒక్క తప్పు లేదు. ఆ సంగతి గుర్తొచ్చింది. ఆ కాస్త వ్యవధిలో ఆమె మాట్లాడింది.

"షరతు నాది సార్. గీత పెట్టినా అది ఖాళీయేనని తెలుసుకునేలా నేను రాయాల్సింది. ఈ అమ్మాయిని ఏమీ అనొద్దు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను కూడా.

ఆ తరువాత రెండు రోజులు ఆమె గీత ఉన్న ఫారాలన్నీ వెతికి తీసింది. ఫీల్డు అమ్మాయిలు ఆ ఇళ్లన్నీ తిరిగారు. మిగతావాళ్ల కళ్లు బాగానే ఉన్నాయి. దేవుడి దయ అన్నారు అందరూ. దయ అంతమంది మీద పనిచేసి ఒక్కరి దగ్గర ఎందుకు ఆగిందో నాకు తెలియదు.

ఆమెకి మెమో ఇచ్చారు. పనిలో అజాగ్రత్త వల్ల రోగికి హాని జరిగిందని అందులో ఉంది. సిబ్బంది ఫైళ్లు రికార్డు సెక్షనువి. ఆ కాగితానికి పేజీ నంబరు వేసి ఆమె ఫైల్లో కుట్టింది నేనే.

అది కుట్టిన సాయంత్రం ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆమెకి అంతా తెలుసని నాకు తెలుసు. గీతలు ఏ తేదీ నుంచి మొదలయ్యాయో ఆమే వెతికి తీసింది, నేను చేరిన వారం అది. గీత పెట్టమన్నది నేనేనని చెప్పాను. క్షమించమని అడిగానా అంటే, లేదు. విషయం చెప్పి ఊరుకున్నాను. ఆమె పెన్సిలు కింద పెట్టింది.

"మీరు అబద్ధం రాయించలేదు టీచరమ్మా. లేరు అని రాయించారు. లేరు అన్నదాన్ని ఉన్నారు అని చదివింది నా షరతు."

ఆ మాట నిజమే. కానీ సగం నిజం. మిగతా సగం నేను మేనేజరుగారి గదిలో చెప్పాలని ఆమె అనలేదు. అననందుకు నేను సంతోషించి ఇంటికెళ్లాను. లెక్క తేలిపోయిందనుకున్నాను. ఒకరి తప్పు ఇంకొకరి ఫైల్లో ఉండగా ఏ లెక్క తేలుతుంది? పిల్లలకి అంతకాలం నేర్పినదాన్ని, ఆ చిన్న విషయం రెండేళ్లు పక్కన పెట్టాను.

ఆమె ఆ గడిని తీసేసింది. దాని బదులు ప్రశ్న పెట్టింది, ఇంట్లో చూసుకునేవారు ఉన్నారా అని. ఉన్నారు, లేరు, తెలియదు అని మూడు జవాబులు. ఏదో ఒకటి నొక్కితేనే ఫారము ముందుకి కదులుతుంది. లేరు అన్నా, తెలియదు అన్నా మూడో రోజు పని పుడుతుంది. తెలియదు అన్నవాళ్ల పని జాబితాలో అన్నిటికంటే పైన కనిపిస్తుంది. అదెందుకని అడిగితే, లేరు అన్నవాళ్ల సంగతి కనీసం మనకి తెలుసు కదా, తెలియనిచోటికే ముందు పోవాలి అంది. ఈసారి నేను ఆ మాట నా డైరీలో రాసుకున్నాను.

ఆ తరువాత ప్రతి నెలా రెండో ఆదివారం ఆమె మాచర్ల బస్సెక్కి రెంటచింతల వెళ్లేది. ఎవరూ పంపలేదు. ఏ తెర మీదా ఆ పని లేదు. ఆ ముసలామె దగ్గర కాసేపు కూర్చుని, మందులున్నాయా అని చూసి, సాయంత్రానికి తిరిగొచ్చేది. రంజాన్ నెలలో ఉపవాసంతో, రెంటచింతల ఎండలో కూడా వెళ్లింది. దాచుకుని చేసిన పని కాదు. ఒకసారి నన్ను కూడా పిలిచింది. "వస్తారా టీచరమ్మా? బస్సులో రెండు గంటలు. మాట్లాడుకుంటూ పోవచ్చు."

నాకు పనుందన్నాను. ఏ పనీ లేదు. ఆ ఆదివారం నేను ఉతికిన చీరలే మళ్లీ మడతలు పెట్టాను. కిటికీలోంచి వీధి చూశాను. మా మనవరాలికి ఫోను చేస్తే అది ట్యూషనులో ఉంది. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదని, సాయంత్రం పాలవాడికి జవాబు చెప్పబోతే గొంతు బొంగురుగా వచ్చినప్పుడు తెలిసింది. ఆమె మళ్లీ పిలవలేదు. పిలిస్తే వెళ్లేదాన్నని చాలా ఆదివారాలు అనుకున్నాను. అడిగి ఉండొచ్చు, అదీ చెయ్యలేదు.

ఆమెని మట్టి చేసిన మర్నాడు శనివారం నేను ఒక ఉత్తరం రాసి మేనేజరుగారికి ఇచ్చాను. గీత పెట్టమన్నది నేను, ఎవరినీ అడక్కుండా పెట్టమన్నాను, సమావేశంలో ఉండి కూడా చెప్పలేదు, అని మూడు వాక్యాలు. దీన్ని ఆమె ఫైల్లో మెమో పక్కనే ఉంచడానికి అనుమతి కావాలన్నాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇప్పుడెందుకు టీచరమ్మా? మనిషే లేదు."

"ఫైలుంది గదండీ" అన్నాను.

ఆయన సంతకం చేశారు. నేనే కుట్టాను. మెమో తరువాతి పేజీ నంబరు వేశాను. రెండేళ్లలో ఆ ఫైల్లోకి ఇంకే కాగితమూ రాలేదు.

ఇంటికొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది, మర్నాడు రెండో ఆదివారం. రెంటచింతలకి ఈ వార్త ఎవరు చెబుతారు? గ్రూపులో ఉన్నవాళ్లందరికీ నిమిషంలో తెలిసింది. పత్రికలో చిన్న ముక్క వేయిద్దామన్నారు. ఆ ముసలామెకి ఫోను లేదు. ఆమెకి చెప్పాలన్నది ఎవరి పనీ కాలేదు.

పొద్దున్న మాచర్ల బస్సెక్కాను. పిడుగురాళ్ల, గురజాల దాటి రెంటచింతలలో దిగేసరికి ఎండ మాడు మీద ఉంది. చర్చిలో ప్రార్థన అయిపోయి జనం ఇళ్లకి పోతున్నారు. వెనక వీధిలో రేకుల పంచ కింద ఆమె ఎండుమిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. నా నీడ పడితే తలెత్తింది.

"ఎవురూ?"

కంటి ఆసుపత్రి నుంచి వచ్చానన్నాను.

"ఆ సాయిబులమ్మాయి రాలా?"

చెప్పాను. మెత్తగా ఎలా చెప్పాలో తెలియక, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చేతులు ఆగాయి. ఎప్పుడు అంది. మొన్న శుక్రవారం అన్నాను. దగ్గర ఎవరున్నారని అడిగింది. ఎవరూ లేరన్నాను. వీధిలో ఎవరో ఆమెని పలకరించి పోయారు, జవాబివ్వలేదు.

తరువాత నేను చెప్పదలుచుకున్నది చెప్పాను. ఆ రోజుల్లో మీ ఇంటికి మనిషి రాకపోవడం ఆ అమ్మాయి తప్పు కాదు, నా తప్పు అన్నాను. గడి, గీత, షరతు అని వివరించబోతే ఆమె చెయ్యి అడ్డం ఊపింది.

"ఆ పిల్ల తనదేనని చెప్పిందే. ఈ అరుగు మీదే కూచోని చెప్పింది."

"కాదు. నాది."

బాగున్న కన్ను నా వైపు తిప్పి చూసింది. తిట్టడానికి కాదు. ఆలస్యంగా వచ్చిన కూలిమనిషిని అడిగినట్టే అడిగింది.

"మరి ఇన్నాళ్లూ ఏడున్నావమ్మా?"

పాతిక అడుగుల దూరంలో ఉన్నానని చెప్పాలా? నిలబడే ఉన్నాను. కాసేపటికి ఆమే, బస్సు నాలుగింటికి గానీ లేదు, కూచో అంది. కుప్పలో సగం నా ముందుకి తోసింది. నేను కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. నాకది ఎప్పుడూ చేతకాదు. నా చేతిలో రెండు కాయలు చిరిగితే ఆమె శబ్దాన్ని బట్టే కనిపెట్టింది.

"తొడిమ తియ్యి. కాయ చించబాక."

అలాగే తీశాను. నాలుగింటి దాకా ఇద్దరం ఆ కుప్ప దగ్గరే కూర్చున్నాం. లేచేటప్పుడు, వచ్చే నెల వస్తానన్నాను. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు.

బస్సు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్నాను, పక్క సీటులోకి ఎవరూ రాలేదు. గురజాల దాటాక కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నాను. వేళ్ల నిండా మిరప ఘాటు మండుతోంది, ఆ వేళ్లతో కళ్లు తుడుచుకోవడానికి లేదు. కిటికీలోంచి వడగాలి కొడుతుంటే నీళ్లు చెంపల మీదే ఆరాయి.